రాత్రిపూట తొట్టిలో టిక్కుమంటున్నదేమిటి? రాయి మీద గుండీలు పగడాలేనా?

టగ్గు ఇంజను, మల్కాపురం

నమస్కారం. నేను విశాఖ పోర్టులో పెద్ద ఓడలను లాగే టగ్గుల మీద ఇంజను గదిలో 31 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఉప్పునీటి ఆక్వేరియం నాకు పూర్తిగా కొత్త. మా పక్కింట్లో ఉండే నేవీ ఉద్యోగి దసరా మర్నాడు బదిలీ మీద కొచ్చి వెళ్తూ తన తొట్టిని మా మనవరాలికి అప్పగించి వెళ్ళాడు. నాలుగు అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, అంతే ఎత్తు. రెండు క్లౌన్ చేపలు, ఒక నీలి డామ్సెల్ చేప, ఇరవై కిలోల పైచిలుకు రాళ్ళు. ఆ రాళ్ళు ఆయన దగ్గర ఆరేళ్ళుగా ఉన్నాయి. అంతకు ముందు ఎవరి తొట్టిలో ఉండేవో ఆయనకే తెలియదు.

మూడు చేపలను అప్పగించాడనుకున్నాను. తీరా చూస్తే ఆ రాళ్ళలో ఊరంత జనం కాపురం ఉన్నారు.

ముందు శబ్దం సంగతి చెబుతాను. రాత్రి పదిన్నర దాటి హాల్లో దీపాలు ఆర్పాక తొట్టిలోంచి టిక్కుమని వినిపిస్తుంది. గాజు పలక మీద గోలీ పడినంత గట్టిగా ఉంటుంది. ఒక్కోసారి వెంటవెంటనే రెండు మూడు, ఒక్కోసారి అరగంట పాటు ఏమీ ఉండదు. మొదటి రాత్రి అద్దం పగులుతోందని భయపడి నాలుగు మూలలా సిలికాన్ అతుకులు తడిమి చూశాను. అద్దానికి ఏమీ కాలేదు. ఇంజనులో ఏ బేరింగు మోగుతోందో కనిపెట్టడానికి మేము పొడవాటి స్క్రూడ్రైవరు కొనను బాడీకి తగిలించి, పిడిని చెవికి ఆనించి వింటాం. ఇక్కడా అదే చేశాను. పంపు ఆపి అద్దం వెంట జానెడు జానెడుకూ విన్నాను. శబ్దం ఎడమ మూలలో, ఇసుకలో సగం దిగబడిన పెద్ద రాయి కింది నుంచి వస్తోంది. నిన్న పొద్దున చూస్తే నీలి చేప లేదు. ఒక్క ముల్లు కూడా మిగలలేదు. ఆ రాయి కింద ఉన్నదే తినేసిందని నా అనుమానం.

ఆ పెద్ద రాయి మీదే గుండీలు ఉన్నాయి. ఒక్కొక్కటి చొక్కా గుండీ అంత, కొన్ని అంతకన్నా కొంచెం పెద్దవి. లెక్కపెడితే 43. ముదురు గోధుమ రంగు, నడుమ ఆకుపచ్చ, సన్నని చీలిక వంటి నోరు, అంచు చుట్టూ పొట్టి కుచ్చు. దీపం వెలిగిన అరగంటకు విచ్చుకుంటాయి, ఆర్పగానే మొగ్గల్లా ముడుచుకుంటాయి. వెదురుపుల్లతో ఒకదాన్ని తాకితే పక్కనున్నవి కూడా మూసుకుంటాయి, అన్నీ ఒకే తోలు మీద మొలిచినట్టు. మనవరాలు వీటిని పగడాలంటోంది. పగడమంటే రాయిలా గట్టిగా ఉండాలి కదా!

మిగతా రాళ్ళ మీద గాజుపూలు. పలుచని టీ నీళ్ళ రంగులో, అవతలి వైపు కనిపించేంత పారదర్శకంగా, మొనదేలిన పొడవాటి స్పర్శకాలతో ఉన్నాయి. వచ్చిన రోజు ఆరు, ఇవాళ 19. ఒకదాన్ని చాకుతో గీకి తీసేశాను. వారం తిరిగేసరికి అదే చోట నాలుగు మొలిచాయి.

వేలెడంత పొడవున్న నారింజ రంగు పురుగు కూడా ఉంది, రెండు వైపులా తెల్లని వెంట్రుకల వరసలు. పొరపాటున తగిలితే దూలగొండి రాసుకున్నట్టు రెండు రోజులు చేయి మండింది. రాళ్ళ అంచుల్లో సన్నని సున్నపు గొట్టాలు ఉన్నాయి, మేత వేసినప్పుడు వాటి నోళ్ళలోంచి సాలెదారాలు సాగుతాయి. గులాబీ రంగు పెచ్చు ఒకటి పెయింటులా రాతి మీద పాకుతోంది. గోటితో గీకినా రాదు.

నీటికి ఉప్పు మిశ్రమాన్ని ఆర్వో నీటిలో కలిపి వాడుతున్నాను. పోయిన వారం ఉప్పు అయిపోతే యారాడ నుంచి రెండు డబ్బాల సముద్రపు నీరు తెచ్చి, ఒకటి పోశాను. ఉష్ణోగ్రత 27 డిగ్రీలు.

ఒక దుకాణంలో అడిగితే, రాయిని తీసి గంటసేపు మరిగిస్తే అన్నీ చస్తాయి, తరువాత శుభ్రంగా పెట్టుకోవచ్చు అన్నారు. ఎల్లుండి ఆదివారం పెరట్లో పొయ్యి వెలిగించి గంగాళంలో ఆ పెద్ద రాయిని మరిగిద్దామనుకుంటున్నాను. గుండీలు కూడా పోతాయన్న బాధ నన్ను పీకుతోంది, అందుకే ముందు ఇక్కడ అడుగుతున్నాను. ఏవి ఉంచాలి, ఏవి తీయాలి? ఐదు ఫోటోలు జతచేశాను. రాత్రి తీసినది స్పష్టంగా లేదు.


ఆటు వేళ, లాసన్స్ బే కాలనీ

బాబాయి గారూ, మిగతావన్నీ తరువాత. ఆ రాయిని మరిగించకండి. వేడినీళ్ళు పోయకండి, బ్రష్షుతో రుద్దకండి, ఎండబెట్టి గీకకండి. పొయ్యి మాట ఇంట్లో ఎవరైనా ఎత్తినా వద్దని చెప్పండి. ఈ జవాబు చదివారని ఒక్క ముక్క రాస్తే నాకు నిశ్చింతగా ఉంటుంది.

మీ గుండీలు జోయాంథిడ్‌లు. పగడాలకూ సీ అనిమోన్‌లకూ దాయాదులు. పగడంలా సున్నపు ఎముక కట్టవు కాబట్టి మీ చేతికి తోలులా తోచాయి. అంచున ఉన్న కుచ్చును భూతద్దంతో చూస్తే రెండు వరసల స్పర్శకాలు కనిపిస్తాయి. ఫోటోలో రంగూ పరిమాణమూ చూస్తే వీటిలో పాలిథోవా అనే రకమని నా అంచనా. నిర్ధారణకు ఒక దారి ఉంది. దీపం ఆర్పి అవి ముడుచుకున్నాక, అద్దం బయటి నుంచే టార్చి వేసి కాడలను చూడండి. చర్మంలోనే ఇసుక రేణువులు పొదిగినట్టు ఉంటే పాలిథోవా. దాని దాయాది జోయాంథస్ ఇసుకను అలా ఒంట్లో ఇముడ్చుకోదు.

భయమంతా పాలిథోవాలలో ఉండే పాలిటాక్సిన్ గురించి. 1971లో హవాయి దీవుల జోయాంథిడ్ నుంచి దీన్ని మొదటిసారి వేరుచేశారు. మన ప్రతి కణం పొరలోనూ సోడియంను బయటికి, పొటాషియంను లోపలికి తోసే పంపు ఉంటుంది. ఈ విషం ఆ పంపును పట్టుకుని తెరిచి వదిలేసిన వాల్వులా మార్చేస్తుంది. ఓడ అడుగున చేరిన నీటిని బయటికి తోడే బిల్జి పంపు పనిచేయడం మానేసి సముద్రాన్నే లోపలికి వదిలితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. మరిగిస్తే ఇది విరిగిపోదు, ఆవిరితో, తుంపరలతో గాలిలోకి లేస్తుంది. ఇతర దేశాల్లో ఇలాగే రాళ్ళను మరిగించి, ఆ గాలి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. చలిజ్వరం, దగ్గు, ఆయాసం, నోట్లో చేదు, కండరాల నొప్పులు వస్తాయి. ప్రత్యేకమైన విరుగుడు లేదు, లక్షణాలకు చికిత్స చేయడమే. అన్ని పాలిథోవాలలోనూ విషం ఒకే మోతాదులో ఉండదు. చూపుతో తేడా పట్టడం కుదరదు కాబట్టి అన్నింటినీ విషమున్నవిగానే చూడాలి.

ఇది విని తొట్టిని చూసి హడలిపోకండి. నీటిలో తమ మానాన విచ్చుకుని ఉన్నంత కాలం అవి మీ జోలికి రావు. రాయిని కదపవలసి వస్తే చేతికి గ్లవ్స్, కళ్ళకు అద్దాలు పెట్టుకుని నీటి అడుగునే కదపండి. చేతిమీద గాయముంటే ఆ రోజు మానేయండి. మనవరాలిని చూడనివ్వండి, చేయి పెట్టనివ్వకండి.

నేను కళాశాలలో జంతుశాస్త్రం చెబుతాను. నీరు బాగా వెనక్కి తీసిన రోజుల్లో విద్యార్థులను తెన్నేటి పార్కు కింది బండల దగ్గరికి తీసుకెళ్తాను. మీ తొట్టిలో ఉన్నవాటి చుట్టాలు అక్కడ బండల మీద తివాచీ పరిచినట్టు ఉంటాయి. పైనున్న రోడ్డు మీద రోజూ వేలమంది తిరుగుతారు, వాటిని చూసినవారు కొద్దిమంది. మీరు ఒక్కొక్కటీ లెక్కపెట్టి 43 అని రాశారే, అది చదివి ఎంత సంతోషించానో!

గులాబీ పెచ్చు కోరలైన్ ఆల్గే. నాచు జాతిదే, సున్నాన్ని ఒంట్లో చేర్చుకుని గట్టిపడుతుంది. అది పాకుతోందంటే మీ నీరు బాగున్నట్టే. నారింజ పురుగు బ్రిసిల్ వర్మ్. రాళ్ళ సందుల్లో మిగిలిపోయిన మేతను తిని శుభ్రం చేస్తుంది, ఉండనివ్వండి. ఈసారి తగిలితే రుద్దకుండా సెల్లోటేపు అంటించి లాగండి, ముళ్ళు టేపుతో వస్తాయి.


ఉప్పునీరు, సీతమ్మధార

పైన అమ్మగారు చెప్పినదానికి తిరుగులేదు. పురుగు విషయంలో మాత్రం నా మాట వేరు. నా తొట్టిలో ఒకటీ అరా అనుకుని వదిలేస్తే ఏడాదిలో ఏ రాయి ఎత్తినా గుంపులు గుంపులుగా ఉన్నాయి, చేయి పెట్టలేకపోయాను. కనిపించినవి తీసేయడమే మంచిది.

ఇక టిక్కు శబ్దం. ఇద్దరే అనుమానితులు: పిస్టల్ రొయ్య, మాంటిస్ రొయ్య. ఇద్దరూ రాయి కిందే ఉంటారు, ఇద్దరూ శబ్దం చేస్తారు. తొట్టికి వాళ్ళ వల్ల వచ్చే ముప్పు మాత్రం ఒకటి కాదు. మాంటిస్ రొయ్య నత్తలను, పీతలను గుద్ది పగలగొడుతుంది, కొన్ని రకాలు చేపలను పొడిచి పట్టుకుంటాయి. అది ఉంటే రాయి ముందు పగిలిన నత్త గుల్లల పోగు కనిపిస్తుంది. కాడల మీద కళ్ళుంటాయి, ఒక్కో కన్ను ఒక్కో వైపు తిరుగుతుంది. పిస్టల్ రొయ్యకు ఒక గోరు చిన్నది, ఒకటి ఒంటికి పొసగనంత పెద్దది. ఆ పెద్ద గోరును ఒక్కసారిగా మూస్తే నీరు బాణంలా దూసుకుపోయి వెనుక ఒక బుడగ పుడుతుంది. మీరు వింటున్నది ఆ బుడగ కూలిన చప్పుడు. గోటి రెండు భాగాలు తగిలి ఆ చప్పుడు వస్తుందనుకునేవారు. 2000లో హైస్పీడ్ కెమెరాతో తీసి, కారణం బుడగేనని శాస్త్రవేత్తలు తేల్చారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సముద్రంలో జలాంతర్గాముల కోసం చెవులొగ్గి వినేవారికి ఈ రొయ్యల గుంపుల చిటపటలే అడ్డుపడేవి. కుర్సురా జలాంతర్గామి ఒడ్డున నిలిచిన ఊరు మనది, అందుకే ఈ ముక్క చెప్పాలనిపించింది.

చూడాలంటే టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం చుట్టండి. ఎర్ర వెలుతురు చాలా రొయ్యలకు, పీతలకు సరిగా ఆనదు, బయటికి వస్తాయి. పట్టాలంటే నీళ్ళ సీసా మెడ కోసి, తలకిందులుగా లోపలికి దోపి, పచ్చి రొయ్య ముక్క వేసి రాత్రికి ఆ మూలన పడుకోబెట్టండి. అలాగే, చేప పోయిందంటున్నారు, తొట్టికి మూత ఉందా? స్టాండు వెనుక చూశారా?

గాజుపూలు ఐప్టేసియా. వీటిని మాత్రం వదలకూడదు, పగడాలనూ గుండీలనూ కుట్టి చంపుతాయి. కోసినా గీకినా మిగిలిన ప్రతి చిన్న ముక్కా మరో పువ్వవుతుంది. మీకు ఒకటి నాలుగయింది అందుకే. శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్ తెచ్చి, నీటితో చిక్కగా కలిపి సిరంజిలోకి తీసుకోండి. పంపు ఆపి, పువ్వు ముడుచుకోకముందే నోటి మీద నెమ్మదిగా వదలండి. రోజుకు మూడు నాలుగుకు మించవద్దు, నీటి పీహెచ్ పెరుగుతుంది. గొట్టాలలో సాలెదారాలు వదిలేవి వెర్మెటిడ్ నత్తలు. ఒక్కో గొట్టం నోటికి సూపర్ గ్లూ జెల్ చుక్క పెట్టి మూసేస్తే సరి.

యారాడ నీరు ఈ నెలల్లో వద్దు. వానలు వెనకబట్టాక ఉత్తరాది నదుల వరద నీరు తీరం వెంబడి దక్షిణానికి దిగుతుంది, మన ఒడ్డున ఉప్పు పలుచబడుతుంది. మిగిలిన డబ్బాను ఉప్పుదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో కొలవండి, మీకే తెలుస్తుంది.


కొత్త తొట్టి, గాజువాక

బాబాయి గారూ, గుండీల రాయి ఒక ముక్క కొట్టి నాకు ఇవ్వగలరా? మీ ఇంటికి దగ్గరే ఉంటాను. అలాగే గట్టి పగడాలు ఎవరైనా అమ్ముతారేమో తెలిస్తే చెప్పండి, ధర ఎంతైనా పరవాలేదు.


ఆటు వేళ, లాసన్స్ బే కాలనీ

రాయిని కొట్టడమంటే ఆ తుంపరలు ముఖం మీద పడటమే. ఎవరూ కొట్టవద్దు.

గట్టి పగడాల గురించి సూటిగా చెబుతాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో రాతి పగడాలన్నింటినీ 2001లో చేర్చారు. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. సేకరించడం, కొనడం, అమ్మడం నేరం. ధర ఎంతైనా ఇస్తామనేవారు ఉన్నంత కాలం ఎవరో ఒకరు సముద్రంలోకి దిగి గడ్డపారతో వాటిని పెకలిస్తూనే ఉంటారు. ఒక పిడికెడు పగడం పెరగడానికి ఏళ్ళు పడుతుంది. బండల మీద ఉన్నవి చూడటానికి రండి, నేనే దగ్గరుండి చూపిస్తాను.

ఉప్పునీరు గారూ, పురుగులు గుంపులు కట్టాయంటే మేత ఎక్కువ పడుతోందని అర్థం. మేత తగ్గిస్తే అవే తగ్గుతాయి. ఏడాది క్రితం మీరు రోజుకు ఎన్నిసార్లు వేసేవారు?


ఉప్పునీరు, సీతమ్మధార

మూడుసార్లు. ఆ మాట నిజమే, ఒకసారికి తగ్గించి చూస్తాను. అయినా వేలెడంతవి కనిపిస్తే నేను తీస్తూనే ఉంటాను.


టగ్గు ఇంజను, మల్కాపురం

అందరికీ నమస్కారాలు. పొయ్యి వెలిగించలేదని ఆ రాత్రే రాశాను, మిగతా సంగతులు ఇప్పుడు చెబుతున్నాను. తొమ్మిది రోజులయింది.

అమ్మా, మీరు చెప్పినట్టే కాడలలో ఇసుక ఉంది. టార్చి వెలుతురులో రవ్వలద్దినట్టు మెరిసింది. పాలిథోవాలే. రాయిని కదపలేదు. ఆదివారం ఆ గంగాళం చుట్టూ మా ఆవిడ, కోడలు, మనవరాలు చేరేవారు. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. ఆ దుకాణానికి మళ్ళీ వెళ్ళి, మీ జవాబు మొత్తం చదివి వినిపించాను. ఇకమీదట ఎవరికీ అలా చెప్పనని మాట ఇచ్చారు.

నీలి చేప స్టాండు వెనుక, గోడ వారన దొరికింది, ఎండిపోయి ఉంది. ఎడమ మూలన మూత లేని జానెడు సందులోంచి ఎగిరి పడింది. రాయి కింది జీవి మీద నేను వేసిన నింద తప్పు. సన్నని వల బిగించి ఆ సందు మూసేశాను.

సీసా పెట్టిన మూడో రాత్రి అది పడింది. మధ్యవేలంత పొడవు, పాచి పట్టిన ఆకుపచ్చ రంగు, కుడివైపు గోరు ఒంటికి పొసగనంత పెద్దది. సీసాలోనే రెండుసార్లు కొట్టింది, ప్లాస్టిక్ అదిరింది. పగిలిన గుల్లలు ఎక్కడా లేవు. పిస్టల్ రొయ్యే. మా మనవరాలు దానికి చిటిక రొయ్య అని పేరు పెట్టింది, నాకు ఆ పేరే బాగుంది. చేపను తిన్నది అది కాదని తేలాక దాన్ని బయట ఉంచడానికి మనసొప్పలేదు, మళ్ళీ ఆ రాయి కిందే వదిలాను. చిన్న చేపలు మరీ దగ్గరికి వెళ్తే ప్రమాదమేనా? క్లౌన్ చేపలు ఆ మూలకు పోవు.

ఐప్టేసియాలు 19 నుంచి 7కు దిగాయి. యారాడ డబ్బా నీటి సాంద్రత కొలిస్తే 1.019 చూపించింది, తొట్టిలో 1.025, అంటే డబ్బాలో ఉప్పు తక్కువే. ఆ డబ్బాను పారబోశాను.

ఇంకొక్క సంగతి చెప్పాలి. పోర్టులో రాత్రి డ్యూటీల్లో, ఔటర్ హార్బర్ గోడ దగ్గర టగ్గు కట్టేసి ఇంజనూ జనరేటరూ ఆపిన వేళ, అడుగు ప్లేటుకు చెవి ఆనిస్తే ఒక శబ్దం వచ్చేది. నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు, తెరిపి లేకుండా. టగ్గు అడుగును తుప్పు తింటోందనుకున్నాం, డ్రైడాక్‌కు ఎక్కించినప్పుడు ప్లేటు మందం కొలిపించాం, ఏమీ లేదు. నీళ్ళు కారుతున్నాయేమోనని వెతికాం, అదీ లేదు. చివరికి ఎవరమూ అడగడం మానేశాం. సీతమ్మధార వారు సముద్రంలో చిటపటల గురించి రాసినది చదువుతూ రాత్రి తొట్టి ముందే కూర్చుండిపోయాను. టిక్కుమన్నది ఒక్క రొయ్య. వేల రొయ్యలు ఒకేసారి కొడితే అది తాలింపు చప్పుడే.

నాతో పాటు ఆ ప్లేటు మీద చెవి పెట్టి విన్న గ్రీజరు ఇప్పుడు అనకాపల్లిలో ఉంటున్నాడు. పొద్దున్నే ఫోను చేసి చెప్పాను. అవతల చాలాసేపు మాట లేదు. తరువాత, "రొయ్యలా, అన్నా?" అన్నాడు.

అమ్మా, నీరు బాగా తీసే రోజు చెబితే ఇద్దరం తెన్నేటి పార్కుకు వస్తాం. మనవరాలిని తీసుకురావచ్చా?


ఆటు వేళ, లాసన్స్ బే కాలనీ

తప్పకుండా తీసుకురండి. అమావాస్యకు అటూ ఇటూ రెండు రోజుల్లో పెట్టుకుందాం. ఏ గంటకు నీరు తీస్తుందో పోర్టు పట్టిక చూడటం మీకే బాగా తెలుసు, మీరే చెప్పండి. బండలు పాచిపట్టి జారుతాయి, పట్టున్న బూట్లు వేసుకోండి. పాపకు భూతద్దం నేను తెస్తాను.